దొరసాని పిండికట్టు

అరవైల మొదట్లో జువ్వలదిన్నెలో మా ఇల్లు సగం ఒక దొరసానికి బాడుగకిచ్చాం. ఆడపిల్లలకు కుట్టుపని నేర్పడానికి ఎక్కడి నుంచో ఓడెక్కి వచ్చిన మనిషి. ఆమె వంట, మంచీచెడ్డా నావే. నా దగ్గర నేర్చుకున్న వంటింటి తెలుగు ఆమెకు కొంత వచ్చు. నాకు ఇంగ్లీషు ముక్క రాదు. అయినా ఇద్దరం దివ్యంగా పోట్లాడుకునేవాళ్ళం. పులుసులో కారం ఎక్కువైతే గిన్నె నా వైపు నెట్టి, "ఇది కూర కాదు, నిప్పు" అనేది.

ఒక గురువారం పొద్దున, ఒడ్డున పడవ దిగుతూ తడి చెక్క మీద జారి పడింది. కుడికాలు మోకాలి కింద విరిగింది. మా అన్న పరుగున వచ్చి బండి కట్టాడు.

"పుత్తూరు పోయి ఆకుపసరు కట్టు కట్టిద్దాం. మనోళ్ళందరూ ఆడికే గదా పోయేది" అన్నాడు.

దొరసాని పళ్ళు బిగబట్టి తల అడ్డంగా ఊపింది. "నాకు ఇంగ్లీషు డాక్టరు కావాలి. నా కాలు ఏం చేస్తారు, నాకు తెలియాలి."

అన్నకు కోపం వచ్చింది గానీ నాకు రాలేదు. ఊరుగాని ఊళ్ళో కాలు విరిగి పడి ఉన్న మనిషి. నాకే ఆ గతి పడితే తెలుగు మాట్లాడేవాడి కోసం నోరుమొత్తుకుని ఏడ్చేదాన్ని.

వాకబు చేసి నెల్లూరులో ఒక ఎముకల డాక్టరు దగ్గరికి తీసుకుపోయాం. ఆయనది మా పక్క తాలూకానే. అయినా దొరసాని మొహం చూడగానే తెలుగు మర్చిపోయాడు మహానుభావుడు! మత్తు సూది వేశాడు, ఎముక సర్ది, తొడ దాకా పిండికట్టు వేశాడు. వేళ్ళు మాత్రం బయటికి వదిలాడు. తర్వాత మంచం పక్కన నిలబడి, వేలు ఆడిస్తూ చాలాసేపు ఇంగ్లీషులో చెప్పాడు. ఆమె మత్తులో కళ్ళు మూతలు పడుతుంటే "యెస్, యెస్" అంది. నేను గుమ్మం దగ్గర ఆయన్ని ఆపాను.

"మేమేం చూసుకోవాలయ్యా?"

"అన్నీ ఆమెకి చెప్పినానమ్మా" అని వెళ్ళిపోయాడు.

ఇల్లు చేరాక మత్తు దిగింది. తెల్లవార్లూ మూలిగింది పాపం. ఎముక విరిగితే నొప్పి ఉండదా అని ఓదార్చాను. తెల్లారి గంజి పట్టుకెళితే నెమ్మదిగా పడుకొని ఉంది.

"నొప్పి లేదు" అంది.

నా ప్రాణం లేచొచ్చింది. పక్కింటి పెద్దమ్మను కేకేసి మరీ చెప్పాను. శుక్రవారం కదా, ఆమె అప్పుడే నూరిన పసుపు ముద్దతో వచ్చింది.

"నొప్పి పోయిందంటే తల్లి చల్లంగా చూసినట్టే గదమ్మే!" అంటూ దొరసాని రెండు పాదాలకూ, వేళ్ళ సందుల్లోకీ ఒత్తుగా పసుపు పట్టించింది. మామూలుగా పాదం ముట్టుకుంటే చక్కిలిగింతకు కెవ్వున అరిచే మనిషి, ఎడమకాలు ఒక్కటే వెనక్కి లాక్కుంది. కట్టు బరువుకు కుడికాలు కదల్లేదనుకున్నాం.

మధ్యాహ్నానికి తెల్లటి కట్టు అంచంతా పచ్చగా మారింది. డాక్టరు చూస్తే కేకలేస్తాడని తడిగుడ్డతో తుడవబోయాను. పసుపు పోయింది. కింద వేళ్ళు వంకాయ రంగులో ఉన్నాయి. మరకేమోనని గట్టిగా రుద్దాను. పోలేదు. ఎడమ పాదం పట్టుకుంటే వెచ్చగా ఉంది, ఈ వేళ్ళు నీళ్ళకుండలా చల్లగా ఉన్నాయి. బొటనవేలు గోటితో గిచ్చాను.

"దొరసానమ్మా, తెలస్తా ఉందా?"

"ఏది?" అంది పుస్తకంలోంచి తలెత్తకుండానే.

రెండు చేతులతో ఆమెను లేపి కూర్చోబెట్టి వేళ్ళు చూపించాను. ఆమె మొహం పాలిపోయింది. "డాక్టరు చెప్పాడు. వేళ్ళు... రంగు చూడు అని. నొప్పి పోతే రా అని."

"ఎవరికి చెప్పినాడమ్మా?"

"నాకు."

ఒళ్ళు మండిపోయింది నాకు. మత్తులో ఉన్న మనిషికి చెప్పి, కాలు చూసుకునే నన్ను గుమ్మంలో వదిలేశాడు! తిట్టుకుంటూనే అన్నను పిలిచాను. బండి మీద రోడ్డు దాకా, అక్కడి నుంచి గూడూరు పోయే నిమ్మకాయల లారీలో నెల్లూరికి. దారి పొడవునా ఆ వేళ్ళు నా గుప్పిట్లో పెట్టుకొని రుద్దుతూనే ఉన్నాను. కాస్త వెచ్చబడ్డట్టు అనిపించేది, చూస్తే అది నా చెయ్యి వేడి. "పాదం తీసేస్తారా?" అని ఆమె అడిగింది. తల అడ్డంగా ఊపాను.

డాక్టరు ఒక్క చూపు చూసి, కత్తెర తెమ్మని అరిచాడు. కట్టును నిలువునా చీల్చాడు. ఇక వేళ్ళలోకి రక్తం వస్తుందో లేదో చూడటమే. గది నిండా పిండి వాసన. నేను ఎన్ని దేవుళ్ళకు మొక్కానో నాకే తెలియదు.

ఉన్నట్టుండి దొరసాని గావుకేక పెట్టింది. నొప్పి! మంచం కోళ్ళు అదిరేటట్టు అరుస్తుంటే నేను పిచ్చిదానిలా నవ్వుతూ ఏడ్చాను. డాక్టరు ఒక్కో వేలూ గిచ్చుకుంటూ పోయాడు. బొటనవేలికి అరిచింది, పక్కదానికి అరిచింది, తర్వాతి రెండింటికీ అరిచింది. చిటికెన వేలికి అరవలేదు. మళ్ళీ గిచ్చాడు. అరవలేదు.

ఆయన ఆమె మొహంలోకి చూసి, నెమ్మదిగా ఇంగ్లీషు మొదలుపెట్టాడు. ఆమె చెయ్యెత్తి ఆపేసింది. ఆ చేత్తోనే నన్ను చూపించింది.

"తెలుగులో. ఆమెకి చెప్పండి."

ఆయన నా వైపు తిరిగాడు. నన్ను నిండుగా చూడటం అదే మొదలు. "చిటికెన వేలు దక్కదమ్మా. తీసెయ్యాల" అన్నాడు.

ఆ మాట మా ఇద్దరికీ ఒక్కసారే అర్థమైంది. ఆమె నా చెయ్యి ఎముకలు నొక్కుకుపోయేంత గట్టిగా పట్టుకుంది. కన్నీళ్ళు కారుతున్నా ఆయన్ని కదలనివ్వలేదు.

"తీసెయ్యండి. మిగతా నాలుగు ఎట్లా చూసుకోవాలి, ఆమెకి చెప్పండి."