అన్న మిర్చి తోటలో అక్షింతల పురుగులు

పెళ్లికి పోయినా, చావుకు పోయినా ఎవరో ఒకరు నా చేతిలో పురుగును పెడతారు. ప్లాస్టిక్ కవర్లోనో అగ్గిపెట్టెలోనో తెస్తారు. నేను జనగామలో పురుగుల మీద పరిశోధన చేసే ఉద్యోగంలో ఉన్నానని చుట్టాలందరికీ తెలుసు. అది ఏ పురుగు, ఏం తింటుంది, ఎట్లా బతుకుతుంది అని ఇన్నేళ్లలో ఒక్కరూ అడగలేదు. కవరు విప్పకముందే ఏం మందు కొట్టాలె అంటారు. మందు అక్కర్లేదంటే ముఖం చిన్నబుచ్చుకుని, ఈమెకు ఏమీ రాదన్నట్టు కవరు మడిచి జేబులో పెట్టుకుంటారు. మొదట్లో నవ్వొచ్చేది. ఇప్పుడు ఒళ్లు మండుతుంది.

నాకు పురుగులంటే ఇష్టం. ఆ మాట పైకి అనడం కూడా మానేశాను. మా ఆఫీసులో స్విచ్ బోర్డు పక్కన ఒక కందిరీగ మట్టి తెచ్చి గూడు కడుతోంది. చిన్న గొంగళిపురుగును కుట్టి, చంపకుండా మత్తులో ఉంచి, పుట్టబోయే పిల్లకు తిండిగా లోపల పెట్టి మూత వేస్తుంది. ఊడ్చే అక్క చీపురు అటు ఎత్తినప్పుడల్లా నేను అడ్డం పోతాను. సెలవు దొరికితే భూపాలపల్లి దిక్కు అడవికి పోతాను. అక్కడ మద్ది చెట్ల మీద దసలి పట్టుపురుగులు మేస్తుంటాయి. గాలి ఆగినప్పుడు ఆకులు నమిలే చప్పుడు వినబడుతుంది. పెళ్లి చేసుకోవాల్సిన వయసంతా పురుగులు ఏరుకుంటూ గడిపిందని మా మేనత్త పదిమందిలో అంటుంది. తన చేనుకు పురుగు పడితే మాత్రం మొదటి ఫోను నాకే.

మా అన్న మహబూబాబాద్ దిక్కు గార్ల దగ్గర మిర్చి వేస్తాడు. మొన్నటి పంటకు పేనుబంక పట్టింది. ఆకుల కింద గుంపులుగా చేరి రసం పీల్చే చిన్న పురుగు అది. అన్న వీడియో కాల్ చేసి ఒక ఆకు తిప్పి చూపించాడు. పేనుబంక మధ్యలో నల్లటి, ముళ్ల ముళ్ల పురుగులు గబగబా తిరుగుతున్నాయి. చూడ్డానికి మొసలి పిల్లల్లా ఉంటాయి. నా ప్రాణం లేచొచ్చింది. అవి అక్షింతల పురుగు పిల్లలు. ఎర్రటి వీపు మీద నల్లచుక్కలుండే అక్షింతల పురుగును ఎవరూ చంపరు, చిన్నప్పుడు మేమిద్దరం అరచేతిలో పెట్టుకుని ఎగరేసేవాళ్లం. దాని పిల్లలను మాత్రం ఎవరూ గుర్తుపట్టరు. తల్లికి అక్షింతలని పేరు పెట్టి, పిల్లలకు విషం కొట్టే ఊరు మాది.

"అన్నా, గవి పేనుబంకను తినే పురుగులు. వారం దినాలు నువ్వు మందు పంపు ముట్టకు, గవే సాఫ్ చేస్తయి" అన్నాను.

సరే చెల్లె అన్నాడు. ఎప్పుడూ అట్లాగే అంటాడు.

తెల్లారి పక్క చేనాయన మందు కొట్టాడు. పక్కవాళ్లు కొడితే పురుగులన్నీ లేచి మన చేను మీద పడతాయని మా దిక్కు అందరి నమ్మకం. అందుకే ఒకరు పంపు ఎత్తితే ఆ గట్టంతా ఎత్తుతుంది. అన్న మందుల దుకాణానికి పోయి, నల్ల పురుగు పడ్డదని చెప్పి, ఆయన ఇచ్చినవన్నీ ఒకే పంపులో కలిపాడు. మూతికి తువ్వాల కట్టుకుని ఎదురుగాలిలో కొట్టుకుంటూ పోయాడు. వదిన సద్ది తీసుకుపోయేసరికి మోటారు దగ్గర పడి ఉన్నాడు, నోట్లోంచి నురగ కారుతోంది.

నేను మహబూబాబాద్ దవాఖానకు చేరేసరికి డాక్టర్ ఏ మందు అని అడుగుతున్నాడు. వదినకు తెలియదు. వెంటనే ఆటో పట్టుకుని చేనుకు పోయాను. ఖాళీ డబ్బాలు గట్టు మీదే ఉన్నాయి. అవి తీసుకుని వెంటనే తిరిగి రావాల్సింది, కానీ వంగి ఒక ఆకు తిప్పాను. ముడుచుకున్న ఆకుల కింద పేనుబంక హాయిగా మెసులుతోంది. చెట్ల మొదళ్లలో నల్ల పురుగులు కాళ్లు ముడుచుకుని రాలిపోయి ఉన్నాయి. అన్న మీద ఎంత కోపమొచ్చిందంటే, డబ్బాలు అక్కడే విసిరికొట్టబోయాను. ఏడుస్తూనే తీసుకొచ్చాను.

డబ్బాల మీద పేర్లు చదివి డాక్టర్ వైద్యం మొదలుపెట్టాడు. బయట వరండాలో మేనత్త, ఇంట్ల పురుగుల సదువు సదివిన పిల్ల ఉండంగ గిట్లయిందంటే ఏమనాలె అని వచ్చినవాళ్లందరికీ చెప్పింది. వాళ్లు నా దిక్కు చూసి తల ఊపారు. నేను వద్దన్నానని చెప్పలేదు. అన్న బతికితే చాలు అనుకుంటూ కూర్చున్నాను.

మర్నాడు అన్న కళ్లు తెరిచాడు. వదినను చూశాడు, తర్వాత నన్ను చూశాడు. గొంతు ఇంకా సరిగ్గా పెగలడం లేదు.

"సచ్చినయా చెల్లె?"

"సచ్చినయి. నల్లయి ఒక్కటి మిగల్లే" అన్నాను.

అతని ముఖం తేటపడింది. వదిన దిక్కు తిరిగి, జర గర్వంగానే అన్నాడు.

"సూసినవా. గీమె ఊకె వద్దంటది."

ఆకుల కింద పేనుబంక బతికే ఉందని నేను చెప్పలేదు. చెబితే మంచం దిగి మళ్లీ పంపు ఎత్తుకుంటాడు.