చెరపని వాక్యం

మంత్రుల సమావేశాల మినిట్స్ టైపు చేసే ఆవిడను ఆఫీసులో అందరూ టైపిస్టమ్మ అనే పిలిచేవారు. ఇరవై రెండేళ్లలో ఆవిడ కాగితంలో తప్పు పట్టినవాళ్లు లేరు. మంత్రులు గొంతులు చించుకుని పోట్లాడుకున్నా, ఆవిడ టైపు చేశాక చదివితే అందరూ టీ తాగి చల్లగా ఇళ్లకు వెళ్లినట్టే ఉండేది.

ఆ ఆఫీసుకో అలవాటుంది. కొత్త సమావేశానికి కొత్త కాగితం మొదలుపెట్టరు. కంప్యూటర్‌లో పాత సమావేశం కాగితమే తెరిచి, తేదీ, పేర్లు, విషయం మారుస్తారు. ఒక రోజు సమావేశంలో, మిల్లులకిచ్చే సాయం ఆపాలని ప్రభుత్వం నడిపే పెద్ద పార్టీ పట్టుబట్టింది. ఒప్పుకునేది లేదని, దానికి మద్దతిస్తున్న చిన్న పార్టీ లేచి బయటికి వెళ్లిపోయింది. ఆరు నెలలుగా రెండింటి మధ్యా ఉప్పూ నిప్పూగానే ఉంది. టైపిస్టమ్మ రెండు వైపుల వాదనలూ తన చల్లని మాటల్లో ఎక్కించింది గానీ, పాత కాగితంలోని చివరి వాక్యం చెరపడం మరిచిపోయింది: 'సభ్యులందరూ ఏకగ్రీవంగా ఆమోదించారు.' పై అధికారి ఎప్పటిలాగే చదవకుండా సంతకం పెట్టాడు.

మర్నాడు పెద్ద పార్టీ, సాయం ఆపడానికి చిన్న పార్టీ కూడా ఒప్పుకుందంటూ ఆ ఒక్క వాక్యాన్నే పత్రికలకు చూపించింది. మా పరువు తీశారని చిన్న పార్టీ మద్దతు లాగేసుకుంది. వారం తిరక్కుండా ప్రభుత్వం కూలింది, సాయం సంగతి అటకెక్కింది. ఆ డబ్బు అందక, టైపిస్టమ్మ సొంత చెల్లెలు పదిహేనేళ్లుగా పనిచేస్తున్న నూలు మిల్లుకు తాళం పడింది. చెల్లెలు పెట్టె సర్దుకుని అక్క ఇంటికి వచ్చేసింది.

పోయే ప్రభుత్వం ఎలాగూ పోయేదేనని, నోరు మెదపొద్దని పై అధికారి చెప్పాడు. మహానుభావుడు, బదిలీ చేయించుకుని చక్కా పోయాడు. ఈవిడను మాత్రం ఆ వాక్యం వదల్లేదు. కరెంటు బిల్లు చదివినా చివర అదే కనబడేది. బియ్యం కడుగుతుంటే నీళ్లలో వేళ్లు ఆ అక్షరాలే కొడుతున్నట్టు కదిలేవి. తన వేళ్లంటే తనకే భయమేసేది.

"ఎవడు రాశాడో గానీ ఆ మాట, మా పొట్ట కొట్టాడు" అని చెల్లెలు రోజుకోసారైనా అనేది. అన్నప్పుడల్లా అక్క ఆమె కంచంలో ఇంకో గరిటె కూర వేసేది.

ఒక ఆదివారం పొద్దున చెల్లెలు బట్టల కంపెనీలో పనికి దరఖాస్తు టైపు చేసిపెట్టమంది. టైపిస్టమ్మ చేసింది. చివరి వాక్యం చదివింది, మళ్లీ చదివింది, వేలు పెట్టి ఇంకోసారి చదివింది.

"బాగానే ఉంది కదక్కా, ఎన్నిసార్లు చూస్తావు?"

"ఆ మాట రాసింది ఎవడో కాదే. నేనే."

చెల్లెలికి ముందు అర్థం కాలేదు. పాత కాగితం, చెరపని వాక్యం, చదవకుండా పెట్టిన సంతకం, అక్క అన్నీ చెప్పింది. చెల్లెలు లేచి వెళ్లి పొద్దుటి కాఫీ గ్లాసులు కడిగి బోర్లించింది. తిట్టినా బాగుండునని అక్కకు అనిపించింది.

చివరికి చెల్లెలు దరఖాస్తు తీసుకుని, మడిచి సంచిలో పెట్టబోయి ఆగింది. కిటికీ దగ్గరికి వెళ్లి, పెదాలు కదుపుతూ, చివరి వాక్యం తనూ చదువుకుంది. అక్క టైపు చేసిన కాగితాన్ని ఆమె సరిచూసుకోవడం అదే మొదటిసారి.