పెద్దింట్లమ్మ ఒంట్లో సున్నం

హనుమాన్ జంక్షన్‌లో లారీలు ఆగేచోట పెద్దింట్లమ్మ ఓ పూరిపాకలో భోజనం హోటలు నడిపేది. ఆవిడ చేపల పులుసెంత ఘాటో, నోరూ అంతే. డ్రైవర్లు పులుసుతోపాటు నాలుగు చీవాట్లు కూడా తిని, నవ్వుకుంటూ వెళ్ళేవారు.

డెబ్భై ఆరు వేసవిలో ఆ నోరు మూగబోయింది. ఎన్ని నీళ్ళు తాగినా దాహం తీరదు. నడుమూ పక్కటెముకలూ ఒకటే సలుపు. ఓ మధ్యాహ్నం పులుసులో ఉప్పు రెండుసార్లు వేసింది. డ్రైవరొకడు నానా మాటలన్నా ఉలకలేదు, పలకలేదు. అప్పుడు భయపడ్డాడు మొగుడు కాశీరావు. వెంటనే బెజవాడ బస్సెక్కించాడు.

డాక్టర్ వెంకటసుబ్బారావుగారు రక్తపరీక్ష చేయించారు. "ఒంట్లో కాల్షియం బాగా పెరిగిందయ్యా. సున్నం అనుకో."

"తమలపాక్కి అంతంత సున్నం రాయకే అంటే విన్నావా?" కాశీరావు పెళ్ళాంమీద ఎగిరాడు.

డాక్టరుగారికి నవ్వాగలేదు. "ఆకు సున్నం కాదయ్యా, ఎముకల్లోంచి రక్తంలోకి దిగుతోంది."

ఎముక మూలుగ పరీక్ష అయ్యాక ఆయన నవ్వలేదు. అదో రకం రక్తపు కేన్సరు. కాశీరావు వరండాలోకి పోయి తువ్వాల్లో మొహం దాచుకున్నాడు.

మందులు పనిచేశాయి. నొప్పులు తగ్గాయి, కేన్సరూ నెమ్మదించింది. కాల్షియం మాత్రం దిగిరాలేదు.

"దొంగ దొరికినా దొంగతనం ఆగలేదంటే, ఇంకొకడున్నాడన్నమాట," అన్నారు డాక్టరుగారు. మెడలో పారాథైరాయిడ్ అనే చిన్న గ్రంథులుంటాయనీ, వాటిలో ఒకటి పెరిగి ఈ పని చేస్తోందనీ, కోసి తీసెయ్యాలనీ చెప్పారు.

"గొంతు దగ్గరేగా బాబూ, మాట పోకుండా చూడండి," అని చేతులు జోడించాడు కాశీరావు. "అది తిట్టకపోతే నాకు పొద్దుపోదు."

నేరేడు గింజంత గడ్డ తీశారు. కొద్దిరోజుల్లోనే దాహం తగ్గింది, మనిషి తేరుకుంది. పక్కనే కూర్చున్న మొగుణ్ణి ఎగాదిగా చూసింది.

"ఆ గడ్డమేంటి? నేను పోయాననుకున్నావా?"

కాశీరావు ఏడుస్తూనే నవ్వాడు.

రక్తంలో జబ్బు పూర్తిగా పోదనీ, మాత్రలు మానకూడదనీ, బరువులెత్తొద్దనీ డాక్టరుగారు దాచకుండా చెప్పారు.

"ఉన్నన్నాళ్ళు ఉంటానండీ. ఊరికే కూర్చోమంటే మాత్రం నావల్ల కాదు," అంది పెద్దింట్లమ్మ.

మళ్ళీ పొయ్యి వెలిగింది. గుండిగలు కాశీరావు మోసేవాడు. రెండేళ్ళ తర్వాత ఏలూరు వెళ్తూ డాక్టరుగారు భోజనానికి ఆగారు. ఓ ముక్క తిని లేవబోతుంటే గరిటె అడ్డంపెట్టింది.

"అదేం తిండండీ? కూర్చోండి!"

ఆయన నవ్వుకుంటూ మళ్ళీ కూర్చున్నారు.