వెర్లిన్ చేతికి తగిలిన పక్కటెముకలు

ఉత్తర డకోటా పడమటి గుట్టల్లో వెర్లిన్ హాగ్‌స్టాడ్‌కి నూట నలభై ఆవులుండేవి. నలభై ఏళ్లుగా వాటి బాగోగులన్నీ ఆయన పికప్ బండి కిటికీలోంచే చూసేవాడు. దిగి చూడటమంటే తన కంటిని తనే అవమానించుకోవడమని ఆయన ఉద్దేశం. చలికాలం వచ్చేసరికి నల్లటి బొచ్చు దట్టంగా పెరిగి ప్రతి ఆవూ బొద్దుగా కనపడేది. “ఎలా మెరుస్తున్నాయో!” అని మురిసిపోయి, హీటరు ఇంకాస్త పెంచుకుని ఇంటిముఖం పట్టేవాడు.

ఒక ఏడాది శరదృతువులో పశువుల డాక్టరు పరీక్ష చేస్తే ముప్ఫై ఆవులు చూలు కట్టలేదని తేలింది. నేరం ఎద్దుదేనని వెర్లిన్ అక్కడికక్కడే తీర్పు చెప్పేశాడు. దానిలో ఏ లోపమూ లేదని డాక్టరు కాగితం రాసిచ్చినా వినకుండా అమ్మేశాడు. దాన్ని కొనుక్కున్న పక్క ఊరి రైతు మంద నిండా దూడలే. వెర్లిన్ తెచ్చిన కొత్త ఎద్దుకి వంశవృక్షం చాలా పెద్దది. మరుసటి ఏడు ముప్ఫై నాలుగు ఆవులు చూలు కట్టలేదు. అప్పటినుంచి ఆయన వాతావరణాన్ని అనుమానించడం మొదలుపెట్టాడు.

ఆయన భార్య ఆర్డిస్ బడి క్యాంటీన్లో ఇరవయ్యారేళ్లు వడ్డించి అప్పుడే రిటైరైంది. నవంబరు చివర్లో ఒకరోజు ఆమె ఆవులు మేతకి వరుసగా నిలబడ్డప్పుడు నడిచి వెళ్లి, అందినవాటి వీపులు తడిమి చూసి వచ్చింది.

“వెర్లిన్, కుర్ర ఆవుల పక్కటెముకలు లెక్కపెట్టొచ్చు, తెలుసా?”

“చలికి నీ చేతులు మొద్దుబారి ఉంటాయి.”

“మొద్దుబారింది చేతులు కాదులే. కడుపుతో ఉన్నాయవి. ఇప్పుడు పెడితే ఒంటికి పడుతుంది. ఫిబ్రవరి దాకా ఆగితే తిన్నదంతా దూడకీ చలికీ సరిపోతుంది. ఈనాక మళ్లీ చూలు కట్టే సత్తువ ఇక ఎక్కడుంటుంది?”

“గడ్డి వేస్తున్నాగా! ఎంత పచ్చగా ఉందో చూడు.”

“మన కర్టెన్లు కూడా పచ్చగానే ఉన్నాయి. రాత్రికి వండి పెట్టనా?”

ఆమె వదల్లేదు.

“బక్కవాటినీ, తొలిచూలువాటినీ వేరే దొడ్లో పెడదాం. బలిసినవి కుమ్మి తోసేస్తుంటే వీటికేం దక్కుతుంది? క్యాంటీన్ లైన్లో రోజూ ఇదేగా చూశాను.”

“ఆవులకి హోటలు పెడతానంటావ్!”

ఈ హాస్యం తనకి ఎంత నచ్చిందంటే, మర్నాడు ఊళ్లో కాఫీ హోటల్లో నాలుగు బల్లల దగ్గర నాలుగుసార్లు చెప్పాడు. స్నేహితుడు గెర్హార్ట్ “గదులు ఖాళీ ఉన్నాయా?” అని అడిగితే బల్ల గుద్ది మరీ నవ్వాడు.

డిసెంబరు మధ్యలో ఒక మధ్యాహ్నం, నీళ్లతొట్టి దగ్గర మంచు మీద ఒక తొలిచూలు ఆవు జారిపడింది. లేవలేకపోయింది. ఆర్డిస్ చర్చి పనిమీద ఊళ్లోకి వెళ్లింది. చేసేది లేక ఆ మహారాజు పికప్ దిగాడు. కాళ్లకింద గడ్డి పరిచి, పట్టు దొరకడం కోసం చేతి తొడుగు తీసేసి డొక్కలో చెయ్యి వేశాడు. వేళ్లు బొచ్చులోకి దిగిపోయాయి. ఆ బొచ్చు కింద కండ లేదు. ఒకదాని పక్కన ఒకటి ఎముకలే తగిలాయి. వెన్నుమీద రాస్తే అరచెయ్యి గీసుకుపోయేలా ఉంది.

వెర్లిన్ ఆ మంచులోనే మోకాళ్లమీద ఉండిపోయాడు. ఆవు ఆయన వంక చూసింది. నిన్నటిదాకా మెరుస్తోందని ఆయన చెప్పుకున్నవాటిలో ఇదీ ఒకటి.

“లేవే తల్లీ,” అన్నాడు. “నాదే తప్పు, లే.”

మూడో ప్రయత్నంలో లేచింది. పికప్ ఇంజను అలాగే మోగుతుంటే, ఆయన చేతికి అందిన ఆవులన్నిటినీ తడుముకుంటూ నడిచాడు.

సాయంత్రం ఆర్డిస్ కోటు విప్పకముందే అడిగాడు. “ఆ వేరే దొడ్లో ఎన్ని పడతాయి?”

“నలభై.”

“బక్కవి యాభై దాకా ఉన్నాయి.”

ఆర్డిస్ నవ్వలేదు. నవ్వడానికి హక్కున్నా వాడుకోని మనిషి. “కంచె ఇంకో పక్కకి జరుపుదాంలే,” అంది.

చలికాలమంతా ఇద్దరూ ఆ దొడ్డికి బలమిచ్చే అల్ఫాల్ఫా గడ్డీ, ఇథనాల్ ఫ్యాక్టరీలో మిగిలే మొక్కజొన్న పిప్పీ వేశారు. ఏప్రిల్లో దూడలు పుట్టిన గంటలోపే లేచి పాలకి ఎగబడ్డాయి. జారిపడిన ఆవు దూడ ఒక్కటే బలహీనంగా పుట్టింది. వంటింట్లో, ఆర్డిస్ కొత్త తివాచీ మీద, వెర్లిన్ రెండ్రోజులు దానికి సీసాతో పాలు పట్టాడు. తివాచీ దక్కలేదు గాని దూడ దక్కింది. ఆ శరదృతువులో చూలు కట్టనివి పదకొండే.

ఇక కాఫీ హోటల్లో వెర్లిన్ ఉపన్యాసాలకి అడ్డూ ఆపూ లేకుండా పోయింది.

“కంటిని నమ్మకండర్రా! చెయ్యి వేసి చూడాలి. బక్కవాటిని విడదీయాలి.”

“ఎవరు చెప్పారు నీకు?” అన్నాడు గెర్హార్ట్.

“ఎవరో చెప్పాలా? నలభై ఏళ్ల అనుభవం!”

పక్క బల్ల దగ్గర ఆర్డిస్ రూబార్బ్ పై అనే తీపి వంటకం తింటూ తలైనా ఎత్తలేదు. “అవును గెర్హార్ట్,” అంది తాపీగా. “అందులో ముప్ఫైతొమ్మిదేళ్లు కిటికీదే.”

వెర్లిన్ చెవులు ఎర్రబడ్డాయి. కప్పు పట్టుకుని లేచి కుర్చీ ఆమె బల్ల దగ్గరికి లాక్కున్నాడు. ఆమె తన ప్లేటు ఇద్దరి మధ్యకి జరిపింది.