పెన్నులు పట్టుకున్న తరగతి

కిందటేడు భీమవరంలో మా సైన్సు టీచర్లకు శిక్షణ ఇచ్చారు. ప్రశ్న అడిగాక పది సెకన్లు నోరు మెదపకుండా ఆగితే పిల్లలు ఆలోచిస్తారని పరిశోధనల్లో తేలిందట. మర్నాడు మా బడికి చూడ్డానికి వచ్చిన ట్రైనర్ గారి ఎదుటే మా తొమ్మిదో తరగతిని అడిగాను: "రొయ్యల చెరువులో నీళ్లు చిలికే ఏరేటర్లు ఎందుకు తిప్పుతారు?"

మనసులో పది లెక్కపెట్టాను. ఒక్కరూ పలకలేదు. సగంమందికి సొంత చెరువులున్నాయి, వీళ్లకి తెలియకపోవడమేంటి? అయోమయంగా మళ్లీ పది లెక్కపెట్టాను.

"ఏమ్మా దుర్గా, తెలీదా?" అన్నాను.

"తెలుసు సార్. ఎప్పుడూ మీరే చెప్పేస్తారు కదండీ, రాసుకుందామని చూస్తున్నాం."

అప్పుడు చూశాను. అందరి చేతుల్లోనూ పెన్నులు సిద్ధంగా ఉన్నాయి.

ఇరవై రెండేళ్లుగా నేను అడిగినవి అసలు ప్రశ్నలేనా? ఇప్పటికీ తేల్చుకోలేకపోతున్నాను.