వేళకాని గంట

మొన్న మా పక్కింటాయనను మిర్యాలగూడలో పెద్దాసుపత్రిలో చేర్చారంటే చూడబోయాను. పలకరించకముందే నా చెయ్యి దుప్పటి కిందికి పోయి ఆయన అరికాలు పట్టుకుంది. వెచ్చగా ఉంది, పొయ్యి మీంచి దించి కాసేపైన పెనంలాగా. ఆ వెచ్చదనం చేతికి తగిలాకే నా నోట మాట వచ్చింది. మంచం పక్కన నిలబడ్డ నర్సు పిల్ల నవ్వింది. "ఏం జేస్తున్నవ్ అవ్వా, కాళ్లు మొక్కుతున్నవా?" అంది. "కాదు బిడ్డా, మనిషి ఉన్నడా, పోతున్నడా అని సూస్తున్న" అన్నాను. పక్కింటాయన భార్య మొహం మాడ్చుకుంది. నా మాటలు ఇట్లాగే ఉంటాయి. ఎనభై దాటినదాన్ని, ఇప్పుడు మార్చుకునేది లేదు.

ఈ అలవాటు నాకు అంటించిన మనిషి పేరు సుగుణమ్మ. ఆమెను ఎరిగినవాళ్లు ఇప్పుడు ఎవరూ మిగల్లేదు. ఫోటో కూడా లేదు. అందుకే రాస్తున్నాను. నలభై దాటాక అక్షరాలు నేర్చుకున్నదాన్ని. ఎక్కడన్నా వంకరపోతే మీరే సర్దుకొని చదవండి.

పోలీసు చర్యకు ముందటి ఏడు అది. మాది తుంగతుర్తి దిక్కు పల్లె. ఊళ్ల మీద రజాకార్ల దాడులు ఎక్కువయ్యాక అమ్మా నేనూ మూటాముల్లె కట్టుకొని సూర్యాపేట చేరాం. ఊరి చివర రెండు వార్డుల చిన్న దవాఖాన ఒకటి ఉండేది. ఒక డాక్టరు, ఒక కంపౌండరు, ఒక నర్సు. నేల తుడవడానికి, రోగుల కింద పళ్లాలు ఎత్తడానికి నన్ను పెట్టుకున్నారు. నాకప్పుడు పదహారో పదిహేడో. ఆ నర్సే సుగుణమ్మ. కోదాడ మనిషి, క్రైస్తవుల ఇంటి ఆడపడుచు. పొట్టిగా, లావుగా ఉండేది. ఆమె నడిస్తే ఇనుప మంచాలు గలగలలాడేవి. తెల్లచీర భుజం దగ్గర పిన్నుతో చిన్న గడియారం తగిలించుకునేది. నోరు మహా చెడ్డది. ఆమె ఎదురొస్తే కంపౌండరు గోడ పక్కకు జరిగేవాడు.

పనిలో చేరిన మొదటి వారమే నేనొక తప్పు చేశాను. ఊపిరితిత్తుల జ్వరంతో ఒక ముసలాయన రెండు రోజులుగా ఆగకుండా మూలుగుతున్నాడు. మూడోనాడు మధ్యాహ్నం గమ్మునయ్యాడు. మా దిక్కున రోగి మూలుగు ఆపి కళ్లు మూసుకుంటే, నెమ్మదించాడనే అర్థంలో "నిమ్మళించిండు" అంటారు. తల మీదికి గొంగడి కప్పి, చప్పుడు చేయకుండా అందరూ బయట కూర్చుంటారు. ఆయన కొడుకులు అదే చేయమన్నారు, నేనూ అదే చేశాను. సుగుణమ్మ అన్నం తిని వస్తుంటే ఎదురుపోయి గొప్పగా చెప్పాను.

"నర్సమ్మా, తాతకు నిమ్మళమైంది. గొంగడి గప్పిన. ఎవ్వర్ని లేపనియ్యలే."

ఆమె గబగబా పోయి గొంగడి లాగేసింది. ముసలాయన పెదవులు నేరేడు పండ్లు తిన్నట్టు ఉన్నాయి. డాక్టరు వచ్చేలోగా పోయాడు. నా చెంప పగులుతుందనుకున్నాను. ఆమె నా చెయ్యి పట్టుకొని ఆయన కాళ్ల మీద పెట్టింది.

"మోకాళ్ల దాకా చల్లగా లేవూ? ఇది ఇప్పుడైంది కాదు. నువ్వు గొంగడి కప్పేటప్పటికే మొదలైంది. అరిచేవాడికి అరిచే ఓపికన్నా ఉందే సైదీ. అరుపు ఆపినవాడి దగ్గరికి ముందు పరుగెత్తాలి."

"నాకేం ఎర్క నర్సమ్మా?"

"ఇప్పుడు తెలిసిందిగా. మళ్లీ ఇదే చేశావో, అప్పుడు పగలగొడతా చెంప."

ఆ మర్నాటి నుంచి నాకు ఊపిరి లెక్క నేర్పింది. నాకు ఇరవై దాకే లెక్క వచ్చు. నాట్లకు పోయినప్పుడు నారు కట్టలు ఇరవై ఇరవైగా లెక్కపెట్టేవాళ్లం, ఆ లెక్క. ముప్పై, నలభై నేర్పడానికి ఆమె తంటాలు పడలేదు. నాకున్న లెక్కతోనే పని జరిపించింది. గడియారం తీసి గోడ మేకుకు తగిలించింది. "ఈ సన్నముల్లు ఒక్క చుట్టు తిరిగేలోపు మనిషి పొట్ట ఎన్నిసార్లు లేస్తుందో చూడు. ఒక ఇరవై లోపైతే నీ చీపురు నువ్వు పట్టుకో. ఇరవై దాటితే వచ్చి నాకు చెప్పు. ఇరవై మీద ఇంకో పది పోయిందంటే చెప్పడం కాదు, కేకెయ్యి" అంది. ఇరవై దాటినప్పుడల్లా, పైన ఎన్ని ఉంటే అన్ని గీతలు మంచం పక్క గోడ మీద బొగ్గుతో గీసేదాన్ని. అన్నం తిన్నాడా, మాట తడబడుతున్నదా, పాదాలు ఎట్లా ఉన్నాయి, ఇవి నోటితో చెప్పేదాన్ని. పొద్దున చూడవచ్చిన డాక్టరు ఆ గీతలు చూసి చిరాకుపడ్డాడు. "ఏందిది? గోడలన్ని ఖరాబు చేస్తున్నరు!" అన్నాడు. "గోడకి సున్నం వేసుకోవచ్చు సాబ్" అని సుగుణమ్మ పక్క మంచానికి నడిచింది.

నేను ప్రతిసారీ సరిగ్గా పట్టానని కాదు. ఒకనాడు ఒక ముసలమ్మ ఊపిరి ఆగి ఆగి వస్తున్నది, గొంతులో గరగర. అరిచాను. చాయ్ తాగుతున్న డాక్టరు గ్లాసు పెట్టేసి పరుగెత్తుకొచ్చాడు. ఆ అలికిడికి ముసలమ్మ లేచి కూర్చుంది. "నీ నోట్ల మన్నువడ! జర కన్ను మూస్తె సాలు, పాడె గట్టిస్తవానే?" అని నన్ను తిట్టింది. ఆమెది గురక! వార్డంతా పొట్టలు పట్టుకొని నవ్వింది. "ఈ పిల్లను ఊడ్వమను, డాక్టరీ చెయ్యమనకు" అన్నాడు డాక్టరు. నీళ్ల తొట్టి వెనక కూర్చొని ఏడ్చాను. సుగుణమ్మ వచ్చింది. ఆమెకూ నవ్వు ఆగడం లేదు, కొంగుతో కళ్లు తుడుచుకుంటూ వచ్చింది.

"మళ్లీ అట్లాంటి గురక వినపడితే ఏం చేస్తావే?"

"సప్పుడు జెయ్య."

"చేస్తావు. నూరుసార్లు ఉత్తపుణ్యానికి అరిస్తే పోయేది నీ సిగ్గు. సిగ్గు మళ్లీ వస్తుంది. లే, పళ్లాలు కడుగు."

ఆ దవాఖానలో ఒక కట్టుబాటు ఉండేది. డాక్టరు మధ్యాహ్నం భోంచేసి నాలుగింటి దాకా నిద్రపోతాడు. ఆయన ఇల్లు ఆ ఆవరణలోనే. గుమ్మంలో బంట్రోతు కూర్చుంటాడు. ఆ వేళలో ఎవరు పోయినా తిప్పి పంపుతాడు. డాక్టరు చెడ్డవాడని కాదు. చెయ్యి మంచిదే. కాని తన నిద్రకూ రోగి ప్రాణానికీ పొత్తు ఉందని ఆయనకు ఎవరూ చెప్పలేదు.

నేరేడుచర్ల దిక్కు నుంచి ముత్తమ్మ అనే పిల్ల తొలి కాన్పుకు వచ్చింది. దాదాపు నా ఈడుదే. మగపిల్లాడు పుట్టాడు. మర్నాడు మధ్యాహ్నం నేను వార్డు తుడుస్తున్నాను. సుగుణమ్మ మగవాళ్ల వార్డులో కట్లు కడుతున్నది. ముత్తమ్మ నీళ్లు అడిగింది. "బాలింతకు నీళ్లు వొయ్యద్దు" అని అత్త కసిరింది. మళ్లీ అడిగింది. తల అటూ ఇటూ కొట్టుకుంటూ మూడోసారి అడిగింది. ఆ తర్వాత అడగలేదు. అత్త ఆమె మీద గొంగడి సర్ది, "ఇగ నిమ్మళించింది" అంది.

ఆ మాట చెవిన పడగానే చీపురు కింద పారేశాను.

"గొంగడి తియ్యమ్మా."

"నువ్వెవతివే? పండుకున్న బాలింతను లేపుతవా?"

నేనే లాగేశాను. పాదాలు కుండలో నీళ్లంత చల్లగా ఉన్నాయి. నుదుటి మీద చెమట. ముల్లు ఒక చుట్టు తిరిగేసరికి ఇరవై మీద పద్నాలుగు. మంచం కింద చూస్తే తడిసిన గుడ్డలు కుప్పగా ఉన్నాయి. "చెడు నెత్తురు, పోతెనే మంచిది" అన్నది అత్త. పాపం, ఆమె దాచలేదు. శుభమే జరుగుతున్నదని నమ్మి, పొద్దుటి నుంచి ఎవరికీ చెప్పకుండా గుడ్డలు మారుస్తున్నది.

అరిచాను. సుగుణమ్మ వచ్చి కడుపు మీద చెయ్యి వేసి, రెండో చెయ్యి కూడా వేసి గట్టిగా నొక్కడం మొదలుపెట్టింది. కంపౌండరుతో మంచం కాళ్ల వైపు ఇటుకలు పెట్టించింది. "డాక్టర్ని పిలువే!" అంది. పరుగెత్తాను. బంట్రోతు కాళ్లు అడ్డం పెట్టాడు. "సాబ్ పండుకున్నడు. నాలుగు గొట్టినంక రా." బతిమాలాను. "నాలుగంటే నాలుగే" అన్నాడు. తిరిగొచ్చి చెప్పాను. సుగుణమ్మ చేతులు కడుపు మీంచి తీయలేదు, నా వైపు తల కూడా తిప్పలేదు.

"గంట కొట్టు."

వసారా దూలానికి ఒక ఇత్తడి గంట ఉండేది. పొద్దున చీట్లు ఇచ్చే వేళ ఒక్కసారే కొడతారు. ఆ రోజుల్లో వేళకాని వేళ గంట మోగితే ఊళ్లో వేరే అర్థం: దాడి వస్తున్నది, తలుపులు వేసుకోండి. అది ఆమెకు తెలుసు, నాకూ తెలుసు.

"బజారంత బెదురుతది నర్సమ్మా!"

"బెదరనీ. భయపడ్డవాళ్లు సాయంత్రానికి నవ్వుకుంటారు. కొట్టవే!"

కొట్టాను. చెయ్యి బొబ్బలెక్కేదాకా కొట్టాను. బజారులో దుకాణాలు టపటపా మూతపడ్డాయి. ఎవరిదో బండెద్దు తాడు తెంపుకొని దవాఖాన ముందు నుంచి ఉరికింది. డాక్టరు లుంగీ మీద పరుగెత్తుకొచ్చాడు. "ఎక్కడ? ఎంతమంది?" అన్నాడు. "ఒక్కతే సాబ్, లోపల" అని సుగుణమ్మ కిటికీలోంచి కేకేసింది. ఆయన తిట్టడానికి నోరు తెరిచి, ముత్తమ్మ మొహం చూసి మూశాడు. సూది వేశాడు. సీసాల నీళ్లు ఎక్కించాడు. సాయంత్రం ఆ పిల్ల మళ్లీ నీళ్లు అడిగింది. ఈసారి అత్తే చెంచాతో పోసింది. మూడు వారాలకు బిడ్డనెత్తుకొని ఇంటికి పోయింది.

బజారును ఉత్తగా బెదరగొట్టారని ఫిర్యాదు పోయింది. విచారణకు ఒక అధికారి వచ్చాడు. ముత్తమ్మ మంచం పక్క గోడ మీద నేను గీసిన పద్నాలుగు బొగ్గు గీతలే మాకు సాక్ష్యమని నేను ధైర్యంగా ఉన్నాను. ఆయన వచ్చే పొద్దుటికి ఆ గోడకు సున్నం వేసి ఉంది, ఇంకా తడి ఆరలేదు. నా ముందు ఉర్దూ కాగితం పెట్టి వేలిముద్ర వేయమన్నారు.

"సదివి ఇనిపించున్రి."

"చదివితే నీకేం తెలుస్తది?" అన్నాడు అధికారి.

"సదువు రాదు గని చెవులున్నయి గద సారూ."

కంపౌండరు తల వంచుకొని తెలుగులో చెప్పాడు. రోగి బాగానే ఉందట, నర్సు డాక్టరు మీద కక్షతో గంట కొట్టించిందట. "అబద్ధం. పాదాలు సల్లబడ్డయి. ఊపిరి ఇరవై మీద పద్నాలుగు. వేలు నరికినా పెట్ట" అన్నాను. "ఇరవై మీద పద్నాలుగంట!" అని అధికారి నవ్వాడు. ఆ సాయంత్రమే నన్ను పనిలోంచి తీసేశారు. సుగుణమ్మను మిర్యాలగూడకు మార్చారు. బస్సు దగ్గరికి పోతే అక్కడ కూడా తిట్టింది.

"నా కోసం కూడు పోగొట్టుకున్నావా పిచ్చిదానా?"

"నీ కోసమెందుకు? ముత్తమ్మ సచ్చేది."

"అదీ మాట" అంది. బస్సు కదిలాక తల బయటపెట్టి, "నీ మాటకి కాగితం లేకపోయిందే, అదే నా బాధ" అని అరిచింది. కొన్నాళ్లకు కార్డు రాసింది. కంపౌండరే చదివి పెట్టాడు. అందులో రెండే ముక్కలు: "ఇక్కడ గంట లేదు. నేనే అరుస్తున్నాను." ఆ తర్వాత ఆమెను నేను చూడలేదు. పోయిందన్న సంగతి కూడా నెలలు గడిచాక తెలిసింది.

పోలీసు చర్య తర్వాత కోదాడలో ఒక చిన్న దవాఖానలో ఆయాగా కుదిరి, అక్కడే ముసలిదాన్నయ్యాను. నలభై దాటాక పెద్దల బడి పెట్టారంటే పోయాను. అందరూ తమ పేరు రాయడం నేర్చుకుంటుంటే నేను ఇరవై తర్వాత అంకెలు అడిగాను. పంతులు నవ్వాడు. నవ్వనిమ్మని ఊరుకున్నాను. ఏడాది తిరిగేసరికి వార్డు పుస్తకంలో నాలుగు ముక్కలు రాయగలిగాను. ఆయా ఆ పుస్తకం ముట్టుకోకూడదు. అయినా రాశాను.

ఒక మధ్యాహ్నం పాము కరిచిన రైతు ఒకడికి ఊపిరి తగ్గిపోతున్నది, కనురెప్పలు వాలిపోతున్నాయి. కొత్త డాక్టరును పిలిపించాను. "వస్తాను పో" అన్నాడు. మళ్లీ పిలిపించాను. రెండోసారి వచ్చాడు. అప్పటికే ఆలస్యమైంది, ఆ మనిషి బతకలేదు. మర్నాడు డాక్టరు పుస్తకం పట్టుకొని నా దగ్గరికి వచ్చాడు. నా వంకర అక్షరాల మీద వేలు పెట్టాడు. "ఇది ఎవరు రాయమన్నారు? కొట్టెయ్" అన్నాడు.

"నేను గొట్టెయ్య. తప్పైతే నువ్వే గొట్టెయ్యి, కింద నీ సంతకం వెట్టు" అన్నాను.

ఆయన కలం మూత తీశాడు. మళ్లీ మూత పెట్టుకొని పోయాడు. ఆ పేజీలో నేను రాసింది అట్లాగే ఉండిపోయింది. ఇప్పటికీ కళ్లు మూసుకొని రాయగలను: "రెండు గంటలకు పిలిచాను. రాలేదు. మళ్లీ పిలిచాను. సైదమ్మ."