బోదకాలనుకుని దాచిన కాలు

హెర్నియా ఆపరేషన్ అయిన పదకొండో రోజు ఉదయం మంచం దిగబోతే ఎడమ పిక్క పట్టేసినట్టు అనిపించింది. తిమ్మిరేమోనని విదిలించాను. పోలేదు. మధ్యాహ్నానికి కాలు బరువెక్కింది. మర్నాటికి చీలమండ ఎముక కనిపించనంతగా వాచింది. కుడికాలు మామూలుగానే ఉంది.

అప్పటికి ఇరవై రెండేళ్లుగా నేను బందరులో ఒక దినపత్రికకు విలేకరిని. నా భార్య సరళ అవనిగడ్డలో టీచరు. అక్కడే గది తీసుకుని ఉండేది. శనివారం సాయంత్రం వచ్చి సోమవారం పొద్దున్నే వెళ్లిపోయేది. నా ఆపరేషన్‌కు వారం రోజులు సెలవు పెట్టింది. బడిలో పిల్లలకు పరీక్షల రోజులు కావడంతో అంతకు మించి దొరకలేదు. ఆ తర్వాత ఇంట్లో నేనొక్కణ్నే.

డిశ్చార్జి చేసేటప్పుడు సర్జన్ గారు రోజూ నాలుగైదుసార్లు ఇంట్లోనే నడవమన్నారు. కుట్లు విడిపోతాయన్న భయంతో అవసరానికి తప్ప నేను మంచం దిగలేదు. పైగా నీళ్లు ఎక్కువ తాగితే పుండు చీము పడుతుందని మా వైపు పెద్దవాళ్ల మాట. చదువుకున్నవాణ్ని అయినా గొంతు తడుపుకునేటన్ని నీళ్లే తాగాను.

కాలు వాచిందంటే మా ఊళ్లో ఎవరికైనా మొదట గుర్తొచ్చేది బోదకాలే. దోమలు, ఫైలేరియా సర్వేలు, మాత్రల పంపిణీ... ఈ వార్తలు నేను ఎన్నిసార్లు రాశానో! అందుకే ఇది వేరే ఏదైనా కావచ్చన్న అనుమానమైనా రాలేదు. మందుల షాపుకు ఫోన్ చేసి బోదకాలుకు ఇచ్చే డీఈసీ మాత్రలు తెప్పించుకుని మింగాను.

బందరు వాళ్ల కాళ్ల మీద వేళాకోళాలు పొరుగూళ్లలో ఎప్పుడూ ఉన్నవే. పెళ్లిళ్లలో వాటికి నేనూ నవ్వాను. ఇప్పుడు నా కాలే అలా అయిందని ఎవరికీ చెప్పబుద్ధి కాలేదు. చూడ్డానికి వస్తామన్న ఆఫీసు వాళ్లను వద్దన్నాను. లుంగీ పాదాల దాకా దించుకుని, కిటికీలోంచి వీధి చూస్తూ గంటల తరబడి కూర్చునేవాణ్ని.

శనివారం సరళ వచ్చింది. జ్వరంగా ఉంది, నీకూ అంటుకుంటుందని చెప్పి ముందు గదిలో పడుకున్నాను. ఆదివారమంతా మా మధ్య అన్నం, కూర మాటలు తప్ప వేరే మాట లేదు. సోమవారం ఆమె వెళ్లాక దుప్పటి తీసి చూసుకుంటే పిక్క నిగనిగలాడుతోంది. ముట్టుకుంటే వేడి. కొబ్బరినూనె కాచి గట్టిగా మర్దన చేసుకున్నాను.

గంట గడిచేసరికి ఊపిరి తీసుకుంటే కుడి డొక్కలో పొడిచినట్టయింది. గుమ్మం దాకా నడిస్తే ఆయాసం.

గిలకలదిండి నుంచి మా వీధికి చేపలు తెచ్చే నాగరత్నం అప్పుడే వరండాలో తట్ట దించింది. నా వాలకం చూసి దగ్గరికి వచ్చింది. లుంగీ సర్దుకునే ఓపిక కూడా లేదు నాకు. ఆమె రెండు కాళ్లనూ మార్చి మార్చి చూసింది.

“బోదకాలమ్మా” అన్నాను. ఆ మాట పైకి అనడం అదే మొదటిసారి.

“ఎవరు చెప్పారండీ మీకు? మా అత్తకుంది, మా ఆయనకుంది. అది ఏళ్లూ పూళ్లూ పట్టుద్ది అన్నయ్యగారూ, వారంలో ఇట్టా రాదు. పేపర్లో రాసే మీకు నేను చెప్పాలా?” అంది. తట్ట అక్కడే వదిలేసి రిక్షా పిలుచుకొచ్చింది.

ఆస్పత్రిలో ఫిజీషియన్ గారు రెండు పిక్కలనూ టేపుతో కొలిచారు. ఎడమది నాలుగు సెంటీమీటర్లు ఎక్కువ. మర్దన సంగతి చెప్పగానే రాస్తున్న పెన్ను ఆపారు.

“ఇది డీవీటీ అండీ. కాలి లోపలి సిరలో రక్తం గడ్డకట్టింది. ఆపరేషన్ తర్వాత కదలకుండా, నీళ్లు తాగకుండా ఉంటే ఇలా అవుతుంది. మర్దనకు అందులో ముక్క ఊడి ఊపిరితిత్తులకు చేరినట్టుంది. వెంటనే విజయవాడ వెళ్లాలి” అన్నారు.

గడ్డ పెరగకుండా హెపారిన్ ఇంజక్షన్ ఇచ్చి, ఆక్సిజన్ పెట్టి అంబులెన్సు ఎక్కించారు. తోడు వచ్చిన కాంపౌండరుకు నా పేరు కూడా తెలియదు. ఉయ్యూరు దాటుతుంటే, ఈ బండిలోనే పోతే నేనెందుకు పోయానో సరళకు అర్థం కాదు కదా అనిపించింది. నోరు తెరిచి చెబుదామన్నా ఊపిరి చాలలేదు.

విజయవాడలో డాప్లర్ స్కాన్ తీస్తే గడ్డ తొడ దాకా ఉంది. కేస్ షీట్ మీద పల్మనరీ ఎంబాలిజం, అంటే ఊపిరితిత్తుల్లో రక్తపు గడ్డ అని రాశారు. బందరు ఆస్పత్రి నుంచి స్కూలుకు ఫోన్ వెళ్లడంతో సాయంత్రానికి సరళ వచ్చింది. మంచం పక్కన నిలబడింది.

“నేను సెలవు పొడిగించలేదని కోపంతో వేరే పడుకున్నారనుకున్నాను. ఆదివారమంతా వంటింట్లో ఏడ్చాను” అంది. నేను దుప్పటి పక్కకు తీసి కాలు చూపించాను.

తర్వాత ఆరు నెలలు రక్తం గడ్డకట్టనివ్వని వార్ఫరిన్ మాత్రలు. పక్షానికోసారి, ఆపైన నెలకోసారి రక్తం ఎంత పలచబడిందో చూసే ఐఎన్ఆర్ పరీక్ష. మధ్యలో పంటి నొప్పికి సొంతంగా మాత్ర వేసుకుంటే చిగుళ్ల నుంచి రక్తం ఆగక మళ్లీ ఆస్పత్రిలో చేరాల్సి వచ్చింది. వార్ఫరిన్ వాడుతూ అడక్కుండా ఏ మాత్రా వేసుకోకూడదని అప్పుడు తెలిసింది.

ఇప్పుడు బాగానే ఉన్నాను. సాయంత్రానికి ఎడమ పాదం కొంచెం వాస్తుంది. బిగుతు మేజోడు వేసుకుంటాను. దూరప్రయాణంలో బస్సు ఆగిన చోటల్లా దిగి నడుస్తాను, దాహం వేయకముందే నీళ్లు తాగుతాను. సరళ ఇప్పటికీ శనివారాలే వస్తుంది. ఆ ఆదివారం సంగతి ఆమె మళ్లీ ఎత్తలేదు. నేనూ ఎత్తలేదు.

ఒక్క కాలే ఉన్నట్టుండి వాచి, బరువుగా, వేడిగా ఉంటే దానికి పేరు మీరే పెట్టుకోకండి. మర్దన చేయకండి. ఆ రోజే ఇంట్లోవాళ్లకు చూపించి, డాక్టరు దగ్గరికి వెళ్లండి. పక్క గదిలో మనిషి ఉండగా నేను రెండు రోజులు చెప్పకుండా ఉన్నాను.